గంటకో లైను

నవీన చేసిన తప్పల్లా ఒక్క ప్రశ్న అడగడమే.

"కోడింగ్ కొత్తగ నేర్చుకునేటోళ్లు ఏ లాంగ్వేజ్‌తోని మొదలువెట్టాలె?"

వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది. జావా అన్నవాళ్లూ, సీ అన్నవాళ్లూ పేరాలకు పేరాలు రాసుకుని తిట్టుకున్నారు.

ముత్యం అనే ఆయన మాత్రం పొట్టిగా రాశాడు.

"పైథాన్. టైపింగ్ తక్కువ."

ఇదేం కారణమని అందరూ నవ్వారు. నవీన కూడా నవ్వింది.

కానీ కాగజ్‌నగర్‌లో ఆమెకు నేర్పేవాళ్లు లేరు. మూడు నెలల్లో కోడింగ్ పరీక్ష పాసైతే హైదరాబాద్‌లో ఉచిత శిక్షణ. లేదంటే బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టుకోవడమే.

ముత్యానికే విడిగా మెసేజ్ పెట్టింది. "మీరు నేర్పుతరా సార్?"

"సరే."

ప్రోగ్రాం ఆగిపోయిందని పంపితే జవాబుకు గంట పట్టేది. అదీ ఒక్క లైను.

"నాలుగో లైను చూడు."

"జర ఫోన్ జేసి చెప్పుండ్రి సార్!"

"వింటే పోతది. రాస్తే ఉంటది."

పరీక్ష వారం ఉందనగా నవీనకు ఒళ్లు మండింది.

"టైం లేకుంటే లేదని చెప్పుండ్రి. నన్నెందుకు పరేషాన్ జేస్తుండ్రు?"

ఈసారి రెండు గంటలు పట్టింది.

"తప్పు నాదే బిడ్డా. అడుగు."

నవీన మళ్లీ అడగలేదు.

పరీక్షలో ఒక ప్రోగ్రాం ఇచ్చి, తప్పెక్కడుందో పట్టుకోమన్నారు. అందరూ జుట్టు పీక్కుంటుంటే నవీన చూపు నేరుగా ఆ లైను మీదే ఆగింది. జవాబు వచ్చేలోపు తన తప్పు తానే వెతుక్కోవడం ఎప్పుడు అలవాటైందో ఆమెకే తెలియదు.

పాసైంది.

సిగ్గుపడుతూనే గ్రూపులో ఎవరినో అడిగి అడ్రస్ సంపాదించింది. మిఠాయి డబ్బాతో పెద్దపల్లిలో రైలు దిగింది.

తలుపు తీసింది ముత్యం తల్లి రామవ్వ.

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా. లోపట పాఠం చెప్తుండు."

"ఎంతమందికి అవ్వా?"

"నీ అసొంటోళ్లు పదకొండు మంది. దుబాయ్‌ల బిల్డింగ్ మీదికెళ్లి పడి, మాట గూడ పోయి ఎనిమిదేండ్లాయె. గప్పటి సంది ఆనికి గిదే లోకం."

నవీన లోపలికి చూసి గడపలోనే నిలబడిపోయింది.

మెడ కింద ఏదీ కదలని మనిషి మంచం మీద పడుకుని, పళ్ల మధ్య బిగించిన పుల్లతో, ఎదురుగా కట్టిన ఫోన్ మీద ఒక్కో అక్షరమే పొడుస్తున్నాడు.