నువ్వుల ముద్దలు

"నువ్వులు వద్దంటే వినవేంది?"

మూడు రోజులుగా ఆ ఇంట్లో ఇదే మాట. అత్త గౌరవ్వ వద్దంటుంది. కోడలు వనజ పెట్టి తీరుతానంటుంది. మస్కట్‌లో ఉన్న బాలరాజుకు పంపాల్సిన అట్టపెట్టె నడింట్లో నోరు తెరుచుకుని కూర్చుంది.

"ఉడుకు చేస్తయి. అక్కడ అసలే ఎండలు," అంది గౌరవ్వ.

"నడి ఎండకాలంల పంపినప్పుడు చేయని ఉడుకు, ఇంత చలిల చేస్తదా అత్తమ్మా?"

మామ లక్ష్మీరాజం పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

ఆరు నెలల కిందట బాలరాజు ఫోన్లో కొత్త సంగతి చెప్పాడు. మాంసం, గుడ్లు మానేశాడట. పాలు, పెరుగు, నెయ్యి కూడా. దాన్ని వీగన్ అంటారట. వనజ ముందు నవ్వింది. ఎల్లారెడ్డిలో బస్సు దిగిన పూటే తలకాయ కూర అడిగే మనిషి మరి. తర్వాత భయపడింది. రక్తం తక్కువుందని, కాల్షియం కూడా తక్కువుందని డాక్టరు చెప్పాడట. అక్కడి దుకాణాల్లో గోళీలకు కొదవలేదు. కానీ కొన్నిటి తొడుగులు జంతువుల ఎముకలతో చేస్తారట, పొడుల్లో పాలు కలుపుతారట. డబ్బా మీద రాసింది చదవడం, మళ్లీ అక్కడే పెట్టేసి రావడం.

"ఇంటి నుంచే పంపు వనజా. నీ చేతిదైతే నాకు నమ్మకం," అన్నాడు.

ఆ ఒక్క మాట చాలు ఆమెకు. మునగాకు నీడన ఆరబెట్టి దంచింది. కామారెడ్డి వెళ్లి మంచి రాగులు ఏరి తెచ్చి, మొలకలు కట్టి, ఎండబెట్టి పిండి పట్టించింది. ఉసిరి ఒరుగులు చేసింది. ఏడేండ్ల కాపురంలో భర్త దగ్గరున్నది పది నెలలైనా కాదు. తినేదైనా ఒక్కటే తిందామని తనూ పాలు మానేసింది. ఇంటిల్లిపాదీ పాల చాయ్ తాగుతుంటే తను నల్ల చాయ్ పట్టుకుని కూర్చునేది.

అర్థం కానిది అత్త సంగతే. ప్రతిసారీ కొడుక్కి ఎండు మాంసం తునకలు మూటగట్టే గౌరవ్వ, ఈ కొత్త తిండిని ఒక్క మాట అనలేదు. నువ్వుల దగ్గర మాత్రం మొండికేసింది. పాలు ముట్టని మనిషికి నువ్వులు లేకుంటే ఎముకల్లో బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? సాయంత్రం అత్త పక్కింటికి వెళ్లిన సందు చూసి, వనజ ఇరవై ముద్దలు కట్టి పెట్టె అడుగున దాచింది.

మర్నాడు పొద్దున నాగిరెడ్డిపేట నుంచి శ్రావణ్ వచ్చాడు. మస్కట్‌లో బాలరాజు దోస్తు. సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడు.

"మీ అన్న బక్కగయిండా?" అడిగింది వనజ.

"లేదు వదినా, మంచిగనే ఉన్నడు." శ్రావణ్ చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. "ఇప్పుడు మా రూంల ఉంటలేడు గద. ఎప్పుడన్న కలుస్తడు."

రూం మారిన సంగతి వనజకు తెలియదు. లక్ష్మీరాజం గట్టిగా దగ్గాడు.

పెట్టెకు టేపు వేయబోతూ ఆమె ఎందుకో అడుగుదాకా చేయి పెట్టింది. ముద్దలు లేవు. వాటి చోట గౌరవ్వ పాత నూలు చీర ఉంది. ఉతికి ఉతికి దూదిలా మెత్తబడ్డ చీర.

"సీసాలు పలగకుండ పెట్టిన," అంది గౌరవ్వ, ఎవరూ అడగకముందే.

పెట్టెలో సీసాలు లేవు. అన్నీ ప్లాస్టిక్ సంచులే.

వనజ ఆ చీర అంచును వేళ్లతో నలిపి చూసింది. ఒకసారి అత్తను చూసింది, ఒకసారి మామను. ఎవరూ ఆమెవైపు చూడటం లేదు. లేచి లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. ఏదో మడత తెచ్చి పెట్టెలో సర్ది, టేపు వేసి, తాడు కట్టి, శ్రావణ్ ముందుకు జరిపింది.

"నేను బీబీపేటకు, మా తల్లిగారింటికి పోతున్న. మల్ల రాను," అంది అందరికీ వినపడేలా. గొంతు పెరగలేదు. "నువ్వులు తీసేసి మంచి పనే చేసినవ్ అత్తమ్మా, ఇవన్ని తినే కడుపుతోటి మనిషికి అవి పడవు. పొత్తిగుడ్డలకు నీ చీర సరిపోతది, మస్కట్‌ల పుట్టే నీ మనుమనికి ఉయ్యాల కట్టనీకి నా పెండ్లి చీర పెట్టిన."