తిరిగొచ్చే ఫైలు

విజయనగరం, 12-7-2024

చి. అనితకు,

నువ్వు అలిగి భావనపాడు వెళ్లి పదకొండు రోజులైంది. ఫోనెత్తవు. చోడి (రాగి) విత్తనాల మీద నీ ప్రాజెక్టు ఇరవై రెండో తేదీకి కాలేజీలో ఇవ్వాలి. అందుకే ఈ కార్డు.

మన కంప్యూటర్లో నీ ఫోల్డర్లను మాయం చేసిన ఆ పాడు వైరస్ ఫైలును మూడుసార్లు చెరిపాను. మూడుసార్లూ తిరిగొచ్చింది. నువ్వు అందులోకి దించుకునే సినిమాల వల్లేనన్నాను. "నానేటి సేశాను మామ్మా?" అని ఏడ్చినా వినలేదు.

ఇవాళ కంప్యూటర్లు బాగుచేసే యుగంధర్ వచ్చి చూశాడు. "పిల్ల ఫోల్డర్లు పోనేదమ్మా. వాటిని దాసేసి, ఆ పేర్లతో ఇదే కూకున్నాది. పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కేస్తాది. నువ్వు సెరిపినా మళ్లీ దాన్నుంచే దిగిపోతాది" అన్నాడు.

అది వచ్చిన తేదీలు నా డైరీలో ఉన్నాయి. మూడూ నేను బయట భజన పాటలు ప్రింటు తీయించి, నా పెన్‌డ్రైవ్ మళ్లీ కంప్యూటరుకు పెట్టిన రోజులే.

ఇక జరగవలసినవి:

1. నీ ఫైళ్లన్నీ దొరికాయి. వచ్చి ప్రాజెక్టు పూర్తి చెయ్యి.
2. నా పెన్‌డ్రైవ్ ఇకపై నిన్ను అడగకుండా పెట్టను.
3. నిన్ను వీధిలో నిలబెట్టి తిట్టాను. తప్పు నాదని కూడా వీధిలోనే చెబుతాను. ఆదివారం అందరూ ఇళ్లలో ఉంటారు, ఆ రోజే రా.

మామ్మ