రెండు పొట్లాలు

“ఇది తిండి కాదు తమ్ముడూ, పట్టుకెళ్లి ఇచ్చెయ్,” అంది లీటా, తమ్ముడి జీప్నీ బండి దిగకుండానే.

డొమెంగ్ చేతిలోని గిన్నె వంక చూసుకున్నాడు. కొబ్బరిపాలలో ఉడికిన చామాకు. పొలంగుయ్ బజారులో పూటకూళ్లావిడను బతిమాలి రుచికి తెచ్చాడు.

“బాగానే ఉందిగా అక్కా!”

“ఆకు ఎండబెట్టలేదు. పాలు ఇగరకముందే గరిటె పెట్టి కలిపేశారు. గొంతు దురదెత్తుతుంది. ప్లేటెంత?”

“అరవై పెసోలు.”

“దురదకి అరవయ్యా?”

పూటకూళ్లావిడ చెవిన పడనే పడింది. “ఏమ్మా, తినడానికొచ్చావా, తప్పులు దిద్దడానికొచ్చావా?”

“ఏమనుకోకండి. ఇరవయ్యేళ్లు రేవులో ఇదే వండి అమ్మింది మా అక్క,” అన్నాడు డొమెంగ్, గిన్నె తిరిగిచ్చేస్తూ.

జీప్నీ మళ్లీ బయల్దేరింది. పొద్దున్నే నాగా అవతల, కోడలి పుట్టిన ఊళ్లో, లీటా కొడుకు జునెల్‌ను మట్టి చేసి వస్తున్నారు. శవపెట్టెను గుబాత్‌కు, తమ ఊరికి, తీసుకుపోతానని లీటా మూడు రోజులు ఏడ్చింది. పిల్లలు ఇక్కడున్నారు, సమాధి మీద దీపాలు ఇక్కడే పెట్టుకుంటారని కోడలూ ఏడ్చింది. చివరికి కోడలి ఏడుపే నెగ్గింది. తొమ్మిదేళ్ల కిందట పని వెతుక్కుంటూ గడప దాటిన జునెల్, వచ్చే పండక్కి వస్తానంటూనే అక్కడి మట్టిలో కలిసిపోయాడు.

చావింటి నుంచి నేరుగా ఇంటికి పోకూడదు. దారిలో ఎక్కడో దిగి, కూర్చుని, ఏదో ఒకటి తిని మరీ పోవాలి. లేకపోతే పోయినవాళ్లు వెంటబడి వస్తారంటారు. డొమెంగ్‌కు ఆ పట్టింపు ఉంది. కానీ అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటి పట్టుకుంది. మూడు రోజులుగా అక్క పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కొడుకు వెనకే పోదామని గాని అనుకుంటోందా?

“ముందుకొచ్చి కూర్చోవచ్చుగా అక్కా. వెనకాల అంత జీప్నీలో ఒక్కదానివే!”

“వెనకే బాగుంది. నువ్వు దారి చూసుకో.”

కమాలిగ్‌లో గాజు తలుపుల హోటల్ ముందు ఆపి లోపలికి పరిగెత్తాడు. అంతే వేగంగా తిరిగొచ్చాడు.

“ఒక్క ప్లేటు నూట ఎనభై అట. గోడ నిండా వాటి ఫొటోలే.”

“ఫొటోలు తీసుకునేవాళ్ల ధర అది. పోనీ.”

“రుచి బాగుంటే ధర బాగోదు, ధర బాగుంటే రుచి బాగోదు. ఇక నీకెవరు పెట్టాలి?” డొమెంగ్ చెయ్యి అందించాడు. “కనీసం దిగి, రెండు నిమిషాలు నీడన కూర్చో అక్కా. నీకు దణ్ణం పెడతాను.”

“కాళ్లు నొప్పులురా. పోనీ.”

దరాగా దాటాక రేకుల పాక ఒకటుంది. జీప్నీ డ్రైవర్లే అక్కడ తింటారు. ప్లేటు ముప్పై అయిదు. ఇదే ఆఖరి ఆశ. డొమెంగ్ గిన్నె తెచ్చి అక్క ముక్కు దగ్గర పెట్టాడు.

లీటా వాసన చూసింది. ఎండిన ఆకు. నూనె తేలేదాకా ఇగిరిన పాలు. ఉప్పుచేప, కారం. ఆమె కళ్లు నిండాయి.

“ఇదీ వంటంటే. జునెల్ అయితే కంచం నాకేసేవాడు.”

“హమ్మయ్య! దిగు, దిగు. బల్ల ఖాళీగానే ఉంది.”

“నువ్వు కూర్చుని తిను. నాకు కట్టించు. ఇంటికెళ్లి తింటాను.”

“ఇక్కడే తినరాదూ?”

“తింటానన్నానుగా! రెండు కట్టించు. అన్నం కూడా.”

“రెండెందుకు? నేనిక్కడే తినేస్తానుగా.”

లీటా డబ్బులు తీసి అతని చేతిలో పెట్టింది. మూడు రోజుల తర్వాత తిండి మాట అక్క నోట వచ్చింది, అదే పదివేలు. డొమెంగ్ మారు మాట్లాడకుండా రెండు పొట్లాలు కట్టించి, తనూ గబగబా నాలుగు ముద్దలు మింగి వచ్చాడు.

పొద్దు వాలుతుండగా గుబాత్ చేరారు. సందు మొదట్లో జీప్నీ ఆగింది. పొద్దున బండెక్కాక లీటా కాలు కింద పెట్టడం ఇదే మొదలు.

“ఒక్కదానివీ ఆ ఇంట్లో ఎలా ఉంటావ్? మా ఇంట్లో కాసేపు కూర్చుని పోదువుగాని, రా.”

“ఇవాళ వద్దు. నువ్వెళ్లు. ఎక్కడికక్కడ ఆగావు, చాలా తిప్పలు పెట్టాను నిన్ను.”

“తింటావుగా?”

“ఒట్టు.”

జీప్నీ మలుపు తిరిగేదాకా లీటా అక్కడే నిలబడింది. తర్వాత పొట్లాలు గుండెకి హత్తుకుని, ఎటూ తిరగకుండా, ఎవరి పలకరింపుకీ ఆగకుండా ఇంటికి నడిచింది. తాళం తీసింది. తలుపు బార్లా తెరిచి, తను గడప తొక్కకుండా పక్కకు జరిగింది.

“ముందు నువ్వు పద, జునెల్.”