మెయిన్ డ్రాబ్యాక్

"మెయిన్ డ్రాబ్యాక్... సీరియస్ డిసడ్వాంటేజ్..." కోడలు ఇంటర్వ్యూ కోసం వల్లెవేస్తోంది.

"అంటే ఏంటమ్మా?" ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది అత్త.

"లోపాలు చెప్పేటప్పుడు వాడే మాటలు, అత్తయ్యా."

"అయితే నావి చెప్పు. ఎలాగూ ఇంగ్లీషు నా బుర్రకెక్కదు, భయపడకు."

అత్త నవ్వింది. కోడలు నవ్వలేదు. గోడవైపు చూస్తూ, వార్తలు చదివినట్టు, ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోయింది.

అత్త చేతిలో కొడుకు చొక్కా సగం మడతలోనే ఆగిపోయింది.

"నా గురించి చెప్పమంటే వాడి గురించి చెప్పావేంటమ్మా?"

"మీకు ఇంగ్లీషు రాదుగా?"

"రాదు. చెప్పినంతసేపూ జబ్బ మీద కమిలిన చోటే నిమురుకున్నావు. వాడి నాన్న ఉన్నన్నాళ్లూ నేనూ అక్కడే నిమురుకునేదాన్ని."

కోడలు జబ్బ మీంచి చెయ్యి తీసేసింది.

అత్త చొక్కాను మడవకుండానే పక్కన పడేసింది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు. ఈసారి తెలుగులో."