ఫ్రీజర్ దగ్గరి మామ్మ

"అది కాదమ్మాయ్, అక్కడ పెట్టెయ్."

చినాత్సు ఉలిక్కిపడింది. చేతిలోని గడ్డకట్టిన ఎలుకల సంచీ జారి, ఆ పెంపుడు జంతువుల దుకాణం ఫ్రీజర్‌లోనే మళ్లీ పడింది.

పక్కన ఒక ముసలావిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి, పువ్వుల ఏప్రన్. దగ్గరికి వస్తే రంపపు పొట్టు వాసన.

"నీ పాము వయసెంత?"

"మూడు నెలలు."

"లావు?"

చినాత్సు చిటికెన వేలు చూపించింది.

"అంత లేదండీ, పెన్సిలంతే. మా ఆవిడకి ముద్దెక్కువై లావుగా కనిపిస్తోంది" అన్నాడు కోహెయ్.

పెళ్లయి రెండు నెలలు. జపాన్‌లోని తకమత్సులో ఒంటిగది ఇల్లు. ఇద్దరూ కలిసి మొదట తెచ్చుకున్న ప్రాణి ఆ పాము పిల్ల. నారింజ రంగులో ఉందని, ఆ పండు పేరే, మికన్ అని పెట్టుకున్నారు.

"అయితే ఈ చిన్న ఎలుక పిల్లల్ని తీసుకో. ఇంకా కళ్లు తెరవనివి. ఐదు చాలు" అంది ముసలావిడ.

"ఇరవై అయిదు ఉన్న సంచీ తీసుకుంటే మళ్లీ మళ్లీ రానక్కర్లేదు కదండీ?"

"వస్తే ఏం? కాళ్లున్నాయిగా. ఇంటి ఫ్రీజర్ రోజుకి ఇరవైసార్లు తెరుస్తారు. అవి ఎండిపోతాయి. ఆనక పారేస్తారు."

"మీ అమ్మే నయం" అని కోహెయ్ పెళ్లాం చెవిలో గొణిగాడు.

చినాత్సు నవ్వాపుకుంటూ చిన్న ఎలుక పిల్లల సంచీయే తీసుకుంది. కాకపోతే ఇరవై అయిదుది.

ఇంటికెళ్లి ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ పక్కనే సర్దారు. సంచీ మీద కోహెయ్ పెద్ద అక్షరాలతో 'ఇది ఐస్‌క్రీమ్ కాదు' అని రాశాడు. అది చదివినప్పుడల్లా చినాత్సుకి నవ్వే.

మికన్ మొదటి పిల్లని పట్టకారు నుంచి లాక్కుని మింగుతుంటే, ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టి చూశారు. చివరికి తోక కూడా లోపలికి పోయాక, పరీక్ష పాసైనట్టు చేతులు పట్టుకుని ఊపేసుకున్నారు.

వారానికొకటి చొప్పున ఐదు వారాలు అలాగే గడిచాయి.

ఆరో వారం మికన్ వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఏడో వారమూ అంతే. ఎనిమిదో వారానికి చేతిలోకి తీసుకుంటే దారంలా వేలాడింది. వెన్నెముక వేలికి తగిలింది.

చినాత్సు ఒక్కతే దుకాణానికి పరుగెత్తింది.

ముసలావిడ ఫ్రీజర్ దగ్గరే ఉంది.

"మామ్మగారూ, మా మికన్ తినడం లేదు. చచ్చిపోయేలా ఉంది."

"సంచీ నోరు గట్టిగా కట్టావా?"

చినాత్సు తల దించుకుంది. వేసవంతా ఐస్‌క్రీమ్ కోసం ఆ తలుపు తీస్తూనే ఉన్నారు. ఎలుక పిల్లలన్నీ తెల్లబడి, అట్టముక్కల్లా అయిపోయాయి.

"పారేశాను. చెత్త తీసుకెళ్లే రోజున."

"ఎన్ని?"

"ఇరవై."

ముసలావిడ ఫ్రీజర్ అద్దం మీద చెయ్యి ఆనించింది.

"ఇరవై" అంది, తనలో తనే.

చినాత్సుకి ఒళ్లు మండింది.

"చచ్చిన ఎలుక పిల్లల లెక్కా మీకు? అక్కడ నా పాము ప్రాణం పోతోంటే!"

ముసలావిడ కళ్లు తుడుచుకుంది. కోప్పడలేదు. చిన్నచిన్నవి మూడు ఏరి చేతిలో పెట్టింది.

"విడిగా చిన్న సంచీలో వేసి గోరువెచ్చటి నీళ్లలో ఉంచు. పసిబిడ్డకి పోసేంత వేడే. తడి తుడిచి, చిన్న డబ్బాలో మికన్‌తో పాటు పెట్టి గుడ్డ కప్పెయ్. తొంగి చూడకు. నీ చూపుకే సగం బెదురుతోంది అది."

పోతూ పోతూ చినాత్సు దుకాణదారు ఒకాబె దగ్గర ఆగింది.

"ఆవిడెవరండీ? వచ్చిన వాళ్లందర్నీ నిలదీస్తోంది. మా ఇంటి చెత్తలో ఏముందో కూడా ఆవిడకి కావాలి."

ఒకాబె ఇబ్బందిగా నవ్వాడు.

"ఇదివరకూ ఒకరిద్దరు అన్నారు. రావద్దని చెబుతాను లెండి."

ఆ సాయంత్రం గుడ్డ తీసి చూస్తే డబ్బాలో మికన్ ఒక్కతే ఉంది. నడుం దగ్గర చిన్న ఉబ్బు. చినాత్సు ఏడుస్తూ నవ్వింది. వెంటనే కోహెయ్‌కి ఫోన్ చేసింది.

ఇచ్చిన మూడూ అయిపోయాక, నాలుగో వారం తన చేత్తో చేసిన బియ్యప్పిండి మిఠాయి, మోచీల డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్లింది. ఆవిడకి ఏమని చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లింది.

ఫ్రీజర్ దగ్గర ఎవరూ లేరు. చిన్న ఎలుక పిల్లలుండే అర ఖాళీగా ఉంది.

"చిన్నవి లేవాండీ?"

"ఇక రావమ్మా. ఆ ఎలుకల్ని పెంచే మనిషి మానేశారు. కొట్టం కడిగేసి, పోయిన ఆదివారమే ఊరు వదిలి వెళ్లిపోయారు. ఎక్కడికో నాకూ చెప్పలేదు."

"ఎందుకు మానేశారు?"

"ఎవరింటికి పోతున్నాయో చూడకుండా ఆ పని చెయ్యలేనన్నారు."

చినాత్సు ఖాళీ అర వంక చూసింది. మళ్లీ మికన్ తినకపోతే?

"పోనీ మామ్మగారిని అడుగుతాను, ఏదో ఒక దారి చెబుతారు. ఆ రోజు నోరు జారాను, క్షమాపణ కూడా చెప్పుకోవాలి. ఎక్కడుంటారావిడ?"

ఒకాబె ఆమె చేతిలోని డబ్బా వంక చూశాడు.

"ఎవరికీ చెప్పొద్దనేవారమ్మా... ముప్పై ఏళ్లుగా ఆ పిల్లల్ని పెంచి, ఒక్కొక్కదాన్నీ తన చేతుల్తోనే శాశ్వతంగా నిద్రపుచ్చి, ఏదీ ఊరికే పోలేదని తెలుసుకోవడానికి వచ్చి ఇక్కడ నిలబడింది ఆవిడే."