కొత్త ఫ్లూ వచ్చిన రోజు

కాకినాడలో అందరి ఇళ్ళలోలాగే వకుళ వంటింట్లోనూ గోడకి గాలిపెట్టె ఉంది. ఇంటి గాలిలో ఏ వైరస్ చేరినా అది చెప్పేస్తుంది. ఆ ఉదయం ఆమె చట్నీకి తాలింపు వేస్తుండగా పెట్టె ఎర్రగా వెలిగి, "కొత్త ఫ్లూ, ఇంకా పేరు లేదు" అంది. పక్క గదిలో అత్తగారు సుభద్రమ్మ దగ్గుతోంది.

వకుళ పొయ్యి ఆపేసింది. చిన్నప్పుడు ఆమె తండ్రి ఫ్లూతోనే పోయాడు. ఆ ఏడాది మందు తయారయ్యేసరికి ఆయన లేడు. అప్పటినుంచీ ఆమె చదువూ, ఉద్యోగమూ అన్నీ ఫ్లూ మీదే.

ల్యాబ్‌లో ఆమె బృందం కనిపెట్టిన పద్ధతిలో, మధ్యాహ్నానికల్లా వీధి చివరి ఆసుపత్రిలోనే పీల్చే మందు సిద్ధమైంది. వకుళే తీసుకొచ్చింది.

"ముందు కింద వాటాలో పసిపిల్లకియ్యవే," అంది సుభద్రమ్మ ఆయాసపడుతూ.

"ఆ పాపకీ ఇచ్చేశారండీ. మీరు పీల్చండి అత్తయ్యగారూ."

మర్నాటికి జ్వరం తగ్గింది, ఊపిరి తేలికపడింది.

"ఇది పోతే ఇంకోటి పుడుతుందిగా?" అడిగింది సుభద్రమ్మ.

"పుడుతుందండీ."

ల్యాబ్ పేరెత్తితేనే ఇన్నేళ్ళూ మూతి ముడిచిన ఆవిడ, కోడలి చెయ్యి పట్టుకుంది.

"మరి ఇక్కడ కూర్చున్నావేంటే? వెళ్ళు. వంట సంగతి మావాడు చూసుకుంటాళ్ళే."