ప్లస్ సి

"ప్రొఫెసర్ నేమ్ చెప్పండి ఆంటీ. లౌడ్‌గా. రికార్డ్ అవుతుంది."

భానుమతి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

అంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది. ల్యాప్‌టాప్ ఎత్తి గది నాలుగు మూలలూ చూపించింది. బల్ల కింద చూపించింది. పాస్‌పోర్ట్ చూపించింది. దుద్దులు తప్ప ఇంకేమీ లేవని చెవులు కూడా చూపించింది. ఆన్‌లైన్ పరీక్షకి కాపలా కాసే అమ్మాయి పేరు హంసిక. తెలుగుపిల్ల అనగానే భానుమతికి ప్రాణం లేచివచ్చింది. తీరా చూస్తే ఈ ప్రశ్న!

"అదొక్కటీ వదిలెయ్ తల్లీ. ఇంకేమైనా అడుగు."

"వెరిఫికేషన్ ఆంటీ. ఫైవ్ మినిట్స్‌లో చెప్పకపోతే సెషన్ క్లోజ్ అయిపోతుంది. జీరో వేస్తారు."

సున్నా! భానుమతికి కళ్ళు తిరిగాయి. అరవై రెండేళ్ళ మనిషి. బీఎస్సీ లెక్కలు రెండో ఏడాదిలో ఉండగా పెళ్ళి కుదిరింది. మూడుముళ్ళు పడ్డాయి, పుస్తకాలు అటకెక్కాయి. అమెరికాలోని ఎడిసన్ ఊరికి వచ్చి, పిల్లల్ని పెంచి, వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయ్యాక, దగ్గర్లోని కాలేజీలో ఆన్‌లైన్‌లో ఒక్కో కోర్సే పూర్తిచేసుకుంటూ వచ్చింది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఒక్కటే మిగిలింది. ఇది గట్టెక్కితే డిగ్రీ చేతికొస్తుంది.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఒకసారి మాటవరసకి "మళ్ళీ చదువుకుంటే ఎలా ఉంటుందండీ?" అంటే భర్త పకపకా నవ్వారు. "లెక్కలా? నీకా? చాల్లే, సాంబారు మాడుతోంది చూడు," అన్నారు. సాంబారు మాడలేదు. భానుమతికే ఒళ్ళు మండింది. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి ఆయన ముందు పెట్టేదాకా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుంది. కాలేజీ జాబితాలో బి. ఓరుగంటి అని మాత్రం పడేలా చూసుకుంది. పాస్‌పోర్ట్‌లో ఇప్పటికీ పుట్టింటి పేరే ఉంది మరి.

కోర్సులో చేరినప్పుడు ప్రొఫెసర్ ఎవరో వెయ్యలేదు. మొదటివారం ఆ పేరు చూసేసరికి గుండె గుభేలుమంది. ఆయన సంగతి తెలియనిదెవరికి? చండశాసనుడు. మానేద్దామంటే ఆ కోర్సు మళ్ళీ ఏడాదికి గానీ రాదు. చచ్చినట్టు ఉండిపోయింది. పాఠాల వీడియోల్లో ఒక చెయ్యీ, ఒక పెన్నూ, ఒక గొంతూ తప్ప ఇంకేమీ ఉండవు. ఇంట్లో ఎవరి చెవినా పడకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేది.

రెండో హోంవర్కులో జవాబు చివర 'ప్లస్ సి' రాయలేదని ఆ మహానుభావుడు రెండు మార్కులు కోసేశాడు. లెక్కంతా చేసి, చివర ఆ ఒక్క స్థిరాంకం కలపడం మర్చిపోతుంది భానుమతి. "ఒక్క అక్షరమే కదా సార్," అని మెయిల్ పెట్టింది. "ఆ ఒక్క అక్షరం లేకపోతే అది జవాబే కాదు. రూల్ అందరికీ ఒకటే," అని తిరుగు మెయిల్ వచ్చింది.

ఆ పూట భర్తకి ఉప్పు లేని ఉప్మా పెట్టింది.

"ఇందులో ఉప్పేదోయ్?"

"చిటికెడే కదండీ!"

మిడ్‌టర్మ్‌లో మళ్ళీ నాలుగు మార్కులు పోయాయి. ఆ రోజు చారులోనూ ఉప్పు లేదు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక బేస్‌మెంట్‌లో కంప్యూటర్ ముందే కాపురం పెట్టిన మనిషి ఆయన. పెట్టింది తిని, గొణుక్కుంటూ మళ్ళీ కిందికి దిగిపోయారు.

"త్రీ మినిట్స్ ఆంటీ. మీకు ప్రొఫెసర్ నేమ్ తెలీదా?"

"తెలియకపోవడమేమిటమ్మా!"

"మరి చెప్పండి. ఆయన మీద కోపమా?"

"ఎందుకుండదూ? ఆరు మార్కులు కోశారు."

హంసిక గొంతు మారింది. "ఆంటీ, వేరేవాళ్ళ ఎగ్జామ్ మీరు రాస్తున్నారా?"

"రామ రామ! నా పరీక్షే తల్లీ. పోనీ, కాగితం మీద రాసి చూపించనా?"

"ఇప్పుడే పేపర్ టచ్ చెయ్యకూడదు. వాయిస్ కావాలి. టూ మినిట్స్."

భానుమతి నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. మొదటి అక్షరం దగ్గరే నాలుక మొరాయించింది. నాలుగు నెలల కష్టం కళ్ళముందే బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది.

"ఇదిగో అమ్మాయీ, ఆ పేరు నువ్వు చదువు. ఔనో కాదో నేను చెప్తా. ఔననడం కూడా వాయిసే కదా!"

హంసిక రూల్సన్నీ వెతికింది. అలా చెయ్యకూడదని ఎక్కడా లేదు.

"ఓకే... డాక్టర్ కృష్ణమోహన్?"

భానుమతి తల దించుకుంది. "ఆఁ. వారే."

పరీక్ష మొదలైంది. నాలుగో లెక్క కాఫీ గురించి. బల్ల మీద పెట్టి మర్చిపోయిన వేడి కాఫీ తాగడానికి పనికిరాకుండా చల్లారడానికి ఎంతసేపు పడుతుంది? సూత్రం గుర్తురాక ముందే జవాబు తట్టింది. ఇరవై నిమిషాలు. నలభై ఏళ్ళుగా రోజూ చూస్తున్నదే. లెక్క కట్టి చూస్తే పందొమ్మిదిన్నర వచ్చింది. ప్రతి జవాబు చివరా ప్లస్ సి రాసింది. అక్కర్లేని చోట కూడా ఒకటి పడేసింది.

సబ్మిట్ నొక్కి, మెట్లు దిగి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టింది. అవి పొంగేలోపే బేస్‌మెంట్‌లోంచి భర్త కేక వినిపించింది.

"భానూ, కాస్త కాఫీ పట్రావోయ్, ఫైనల్ పేపర్లొచ్చాయి దిద్దాలి, మీ పుట్టింటి పేరువాడే ఓరుగంటి అని ఒకడున్నాడు, ఈసారైనా ప్లస్ సి పెట్టి చచ్చాడో లేదో చూస్తా!"